డేటాబేసు సర్వరునకు తగిన యంత్రమును, ఆపరేటింగు సిస్టమును ఎన్నుకొనుట

ప్రతి పాఠశాల కార్యాలయమునందును ప్రవేశపు రిజిస్టరను పెద్ద పుస్తక మొకటి యుండును. అందు ప్రతి విద్యార్థి పేరును, తండ్రి పేరును, పుట్టినతేదియు, చేరిన దినమును, విడిచిన దినమును వ్రాయబడి యుండును. ముప్పది సంవత్సరములు గడచిన పిమ్మట ఒక పూర్వ విద్యార్థి వచ్చి తన పుట్టినతేదికి ధ్రువపత్రము కావలెనని కోరినచో, గుమాస్తా ఆ పుస్తకము తెఱచి, ఆ పంక్తిని చూచి ఇయ్యగలడు. ఆ పంక్తి చెదలపాలైనచో ఆతని యుద్యోగమునకో, పింఛనునకో చిక్కు వచ్చును. పుస్తకము విలువ దాని అట్టలో లేదు. వ్రాసినది వ్రాసినట్లు నిలుచుటలో నున్నది.

నేడు ఇట్టి రిజిస్టరు లనేకములు కంప్యూటరులలోనికి మాఱుచున్నవి. పట్టికల రూపమున క్రమముగా కూర్చబడి, కోరినప్పుడు కోరిన పంక్తిని తీసి యిచ్చు సమాచార భాండారమునకు డేటాబేసని పేరు. ఆ భాండారమును తనయం దుంచుకొని, ఇతర కంప్యూటరులు అడిగిన ప్రశ్నలకు ప్రత్యుత్తర మిచ్చు యంత్రమునకు డేటాబేసు సర్వరని పేరు. బ్యాంకులు, ఆసుపత్రులు, రైల్వేలు, విశ్వవిద్యాలయములు నేడు వీనిపైననే యాధారపడి యున్నవి. అట్టి సర్వరు నొకదానిని నెలకొల్ప దలచినవారికి రెండు ప్రశ్నలు ఎదురగును. ఎట్టి యంత్రమును కొనవలయును? దానిపై ఏ ఆపరేటింగు సిస్టమును నిలుపవలయును? అంగడివారిని అడిగినచో వేగమునుగూర్చియే యెక్కువగా చెప్పుదురు. వేగము మంచిదే. కాని "వ్రాసితిని" అని సర్వరు పలికిన మాట నిజము కానియెడల ఎంత వేగ మున్నను ఫలము లేదు. కావున ఈ వ్యాసమున ప్రతి భాగమును ఆ యొక్క కొలతతోనే కొలిచి చూతము.

చిట్టా, ఆవర్జా

1970వ సంవత్సరమున ఐ.బి.యం. సంస్థవారి శాన్ హోసే పరిశోధనాలయమున పనిచేయుచుండిన ఎడ్గర్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు, సమాచారమును పట్టికలుగా అమర్చి వాని సంబంధములను గణితరీతిని నిర్ణయించు పద్ధతిని ప్రకటించెను. నేడు ప్రసిద్ధములైన ఒరాకిల్, మైఎస్క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, మైక్రోసాఫ్టు వారి ఎస్క్యూఎల్ సర్వరు మొదలగున వన్నియు ఆ మార్గముననే నడచుచున్నవి. వీనిలో పోస్ట్‌గ్రెస్ అనునది 1986లో అమెరికా దేశమందలి బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మైకేల్ స్టోన్‌బ్రేకర్ అను ఆచార్యుని నాయకత్వమున ఆరంభమైనది. దానిని ఎవరైనను వెల యీయకయే వాడుకొనవచ్చును. కావున ఉదాహరణములకు దానినే తీసికొందము.

ఇట్టి డేటాబేసు వ్రాతపని నెట్లు చేయునో తెలిసికొనుటకు మన దుకాణముల లెక్కలే చాలును. షావుకారు గుమాస్తా దినమున జరిగిన ప్రతి బేరమును వెంటనే చిట్టాలో వరుసగా వ్రాయును. పిమ్మట తీరికగా ఆవర్జాలో ఎవరి ఖాతాక్రింద వారిది ఎక్కించును. నడుమ దీప మాఱిపోయినను చింత లేదు. చిట్టా చూచి ఆవర్జాను సరిచేయవచ్చును. డేటాబేసు చేయునదియు ఇదియే. మార్పును మొదట చిట్టావంటి ఫైలులో వ్రాయును. అది డిస్కుపై పడినదని రూఢియైన పిదపనే, పని యైనదని అడిగినవానికి చెప్పును. అసలు పట్టికలను తరువాత సరిచేయును. కరెంటు పోయి యంత్ర మాగినయెడల, మరల లేచినప్పుడు చిట్టాను చివరి గుర్తునుండి చదివి లోపమును పూరించుకొనును. కాబట్టి సర్వరు ప్రాణ మంతయు ఒక్క ప్రశ్నపై నిలిచియున్నది: చిట్టా నిజముగా డిస్కుపై పడినదా?

పని యెంత యున్నది?

యంత్రమును కొనుటకు ముందు కాగితముపై లెక్క వేయవలయును. ఒక ఉన్నత పాఠశాలలో 1,200 మంది విద్యార్థు లున్నా రనుకొందము. ఏటికి 220 దినముల హాజరు వ్రాసినచో 2,64,000 పంక్తు లగును. పంక్తికి 100 బైట్ల చొప్పున సుమారు 26 మెగాబైట్లు. పది సంవత్సరములకు 260 మెగాబైట్లు. మార్కులు, రుసుములు, వెదకుటకు వలయు సూచికలు అన్నియు కలిపి దీనికి మూడు రెట్లు వేసికొన్నను ఒక గిగాబైటు దాటదు. చేతిలోని ఫోనులో దాచుకొను సినిమా యొకటి ఇంతకంటె పెద్దదిగా నుండవచ్చును. ఇంతపనికి లక్షల రూపాయల యంత్రము దండుగ. పెద్ద ఆసుపత్రికో, బ్యాంకునకో లెక్క వేఱుగా నుండును. ఎవరికైనను తెలియవలసిన సంఖ్యలు మూడు: సమాచారపు మొత్తము పరిమాణ మెంత, ఒకే సమయమున అడుగువారెందఱు, సెకనునకు క్రొత్త వ్రాత లెన్ని. ఈ మూడింటిని సామాన్య దినమునకు గాక, పరీక్షా ఫలితములు వెలువడు దినమువంటి రద్దీదినమునకు లెక్కింపవలయును.

మెమొరీ

తిరుగు డిస్కు నిమిషమునకు 7,200 సార్లు, అనగా సెకనునకు 120 సార్లు తిరుగును. కావలసిన చోటు ముల్లుక్రిందికి వచ్చుటకు సగటున అరచుట్టు, అనగా సుమారు 4 మిల్లీసెకన్లు పట్టును. ముల్లు ప్రక్కకు జరుగుటకు మఱి 8 మిల్లీసెకన్లు. కావున అక్కడొకటి ఇక్కడొకటిగా నున్న పంక్తులను సెకనునకు ఎనుబదికి మించి చదువలేదు. తిరుగు భాగములు లేని ఎస్ఎస్‌డీ డిస్కు ఇంతకు నూఱురెట్లు త్వరగా చదువును. మెమొరీయందున్న పంక్తియో, తిరుగు డిస్కుకంటె లక్షరెట్లు త్వరగా చిక్కును. కావున తఱచుగా కావలసిన సమాచార మంతయు మెమొరీలో పట్టునట్లు చూచుకొనుటయే వేగమునకు మొదటి యుపాయము. పైన లెక్కించిన పాఠశాలకు 16 గిగాబైట్ల మెమొరీ యున్నచో చాలి మిగులును.

అయితే మెమొరీ యందును మాట తప్పున దొకటి గలదు. విద్యుత్తు చాంచల్యముచేతనో, చిప్పులోని లోపముచేతనో ఒక బిట్టు తనంతట తాను తలక్రిందులగుట కలదు. 2009లో గూగుల్ సంస్థయందలి యంత్రములను పరిశీలించి ప్రకటించిన శోధనమున, సంవత్సరమునకు నూటికి ఎనిమిదింటికి మించిన మెమొరీ పలకలలో ఇట్టి దోషములు కనబడెను. 45 మార్కులు 13 అగుటకు ఒక్క బిట్టు చాలును; ఆ తప్పును ఎవ్వరును గుర్తింపరు. ఇందులకు విరుగుడు ఈసీసీ మెమొరీ. అది 64 బిట్లకు తోడు 8 పరీక్షా బిట్లను ఉంచుకొని, ఒక బిట్టు చెడిన తానే దిద్దును, రెండు చెడిన హెచ్చరించును. సర్వరులకై చేయబడిన యంత్రములలో ఇది యుండును. ఇంటి కంప్యూటరులలో చాలవానియం దుండదు. సర్వరునకును, మంచి ఇంటి కంప్యూటరునకును గల భేదములలో ఇది ముఖ్యమైనది.

డిస్కు

ఎస్ఎస్‌డీ డిస్కులలో రెండు తెఱగులు గలవు. చాల డిస్కులు తమకు వచ్చిన వ్రాతను ముందుగా తమలోని చిన్న తాత్కాలిక మెమొరీయందుంచి, తరువాత స్థిరముగా వ్రాయును. ఆ నడుమ కరెంటు పోయిన నది మాయమగును. సర్వరులకై చేసిన మంచి డిస్కులలో చిన్న కెపాసిటరు లుండును. కరెంటు పోయినను వానిలో నిలిచిన విద్యుత్తుతో డిస్కు తన చేతిలోని వ్రాతను ముగించుకొనును. ధర కొంత హెచ్చు. కాని కొనునపుడు డిస్కు పరిమాణమును తగ్గించుకొనియైనను ఈ గుణమును విడువరాదు. "కరెంటు పోయినప్పటి రక్షణ కలదా?" యని అడిగి, వివరపత్రమున చూచుకొని కొనవలయును.

ఎంత మంచి డిస్కైనను ఒకనాడు చెడును. కావున రెండు డిస్కులపై ఒకే వ్రాతను జంటగా వ్రాయింతురు. ఇట్టి యమరికలకు రెయిడని పేరు. 1988లో బర్క్‌లీ విశ్వవిద్యాలయపు పాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అను వారు వీనిని వరుససంఖ్యలతో వివరించిరి. ఒకటవ రకమున రెండు డిస్కులు అద్దమువలె ఒకదానికొకటి ప్రతిబింబములు. ఐదవ రకమున చోటు కలిసివచ్చును గాని, ప్రతి చిన్న వ్రాతకు పాతదానిని చదువుట, దాని పరీక్షాంకమును చదువుట, క్రొత్తదానిని వ్రాయుట, పరీక్షాంకమును వ్రాయుట యని నాలుగు పనులు పడును. జంట పద్ధతిలో రెండే. డేటాబేసునకు చిన్న వ్రాతలు మెండు గనుక జంట పద్ధతియే తగినది. అనేక డిస్కులు కావలసినచోట జంటలను వరుసగా కలుపు పదవ రకమును వాడుదురు.

ప్రాసెసరు, కరెంటు, వేడి

ప్రాసెసరును కడపట నెన్నుకొనవచ్చును. పోస్ట్‌గ్రెస్ తనయొద్దకు వచ్చిన ప్రతివానికిని ఒక ప్రత్యేక ప్రాసెసును కేటాయించును. కావున ఒకేసారి అడుగువారు పెక్కుమందియైన కోరుల సంఖ్య హెచ్చుగా నుండవలయును. కొలదిమందియే యయి ప్రశ్నలు క్లిష్టములైన, ఒక్కొక్క కోరు వేగముగా నుండవలయును. పాఠశాలకు నాలుగు కోరులు చాలును.

మన ప్రాంతమున యంత్రమున కిద్దఱు శత్రువులు: చెప్పకుండ పోవు కరెంటు, వేసవి యెండ. సర్వరును యూపీఎస్‌తో ముడివేయుట యందఱు ఎఱిగినదే. కాని బ్యాటరీ యయిపోవు సమయమున ఆ సంగతి సర్వరునకు తెలియవలయును. యూపీఎస్‌నుండి సర్వరునకు సందేశపు తీగ నొకదానిని కలిపి, బ్యాటరీ తగ్గగనే సర్వరు క్రమముగా తానే ఆగునట్లు ఏర్పాటు చేయవలయును. ఇక వేడిమి విషయమున, అమెరికాలోని ఆష్రే అను ఇంజనీర్ల సంఘము సర్వరుల గదికి 18 మొదలు 27 సెంటీగ్రేడు డిగ్రీల వఱకు తగునని చెప్పినది. మే నెలలో మన రేకుల గదులలోని వేడి యెంతయో చదువరు లెఱుగుదురు. గాలి యాడని బీరువాలో సర్వరును పెట్టి తాళము వేయుట దాని ఆయుస్సును తగ్గించుటయే.

ఆపరేటింగు సిస్టము

డేటాబేసు తానుగా డిస్కును తాకదు. నడుమ ఆపరేటింగు సిస్టమను నౌకరు గలడు. డేటాబేసు చిట్టా కాగితమును ఆతనికిచ్చి "డిస్కుపై పడవేసి వచ్చి చెప్పు"మనును. ఆతడు వచ్చి "అయినది" యనగనే నమ్మును. ఆ పలుకు తప్పైనచో ఏమగును?

ఈ ప్రశ్న 2018లో పోస్ట్‌గ్రెస్ పనివారికి నిజముగా ఎదురయ్యెను. లినక్సునందు డిస్కు వ్రాత విఫలమైనయెడల ఆ సంగతిని ఒక్కమాఱు చెప్పి, ఆ కాగితము వ్రాయబడినట్లే గుర్తు పెట్టుకొనుచుండెను. డేటాబేసు మరల "వ్రాయు"మని యడిగినచో, వ్రాయవలసిన దేమియు లేదు గనుక "అయిన"దని ప్రత్యుత్తరము వచ్చుచుండెను. పోస్ట్‌గ్రెస్ అనేక సంవత్సరములుగా మరల అడుగుటయే చాలునని తలచియుండెను. ఈ లోపము బయటపడిన పిమ్మట, 2019 ఫిబ్రవరిలో వెలువడిన సవరణలతో పద్ధతి మాఱెను. అప్పటినుండి ఒక్కమాఱు వ్రాత విఫలమైనను పోస్ట్‌గ్రెస్ వెంటనే ఆగిపోయి, మరల లేచి, చిట్టాను చివరి గుర్తునుండి చదువుకొనును. ఎంతో పేరు గల డేటాబేసును, ఎంతో పేరు గల ఆపరేటింగు సిస్టమును కలిసినచోట, రెంటి నడుమనున్న మాటపట్టింపునందే దోషము దాగియుండెను. కావున రెంటిని వేఱువేఱుగా మెచ్చుకొనుట చాలదు. ఆ రెంటిని కలిపి వాడువారు లోకమున పెక్కు రున్నారా, దోషము కనబడినచో దిద్దువా రున్నారా యని విచారింపవలయును.

నేడు ఎన్నుకొనదగినవి ముఖ్యముగా మూడు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు మొదటిది. పోస్ట్‌గ్రెస్, మైఎస్క్యూఎల్, ఒరాకిల్ మూడును దీనిపై విరివిగా నడచుచున్నవి. 1993లో వెలువడిన ఫ్రీబీఎస్‌డీ రెండవది. వ్రాసిన ప్రతి భాగమునకు పరీక్షాంకమును పెట్టి చదువునప్పుడు సరిచూచుకొను జెడ్‌ఎఫ్‌ఎస్ పద్ధతి దానియందు సులభముగా లభించును. మైక్రోసాఫ్టు వారి విండోసు సర్వరు మూడవది. పూర్వము ఎస్క్యూఎల్ సర్వరు కావలసినవారికి అదియొక్కటే మార్గము. 2017నుండి అదియు లినక్సుపై నడచుచున్నది.

వీనిలో నెన్నుకొనుటకు మూడు ప్రశ్నలు చాలును. మొదటిది: మీ డేటాబేసును చేసినవారు దేనిపై పరీక్షించి హామీ నిచ్చుచున్నారు? రెండవది: దాని సవరణలు ఎన్నేండ్లు వచ్చును? సెంటాస్ అను లినక్సు ఎనిమిదవ కూర్పునకు 2029 వఱకు సవరణలు వచ్చునని నమ్మి పెక్కుమంది సర్వరులు నిలిపిరి. 2020 డిసెంబరులో ఆ గడువు 2021 చివరికి తగ్గింపబడెను. వా రందఱు అర్ధాంతరముగా వేఱొకదానికి మాఱవలసివచ్చెను. మూడవది: అర్ధరాత్రి యంత్ర మాగినచో దానిని లేవనెత్త నెఱిగినవా రెవరు? అపరిచితమైన శ్రేష్ఠవ్యవస్థకంటె చక్కగా తెలిసిన సామాన్యవ్యవస్థ మేలు. ఏది ఎన్నుకొన్నను ఆ యంత్రముపై వేఱు పనులు పెట్టరాదు. లినక్సునందు మెమొరీ బొత్తిగా చాలనప్పుడు ఆపరేటింగు సిస్టము ఏదో యొక కార్యక్రమమును బలవంతముగా ఆపును. మిక్కిలి మెమొరీ వాడునది గనుక డేటాబేసునకే తఱచుగా ఆ వంతు వచ్చును. దీనిని మాన్పు ఏర్పాటు లినక్సులోనే యున్నది. సర్వరును నిలిపిన దినముననే దానిని సరిచేయవలయును.

ఈ యెన్నిక ఒకనాటిది కాదు. అది దశాబ్దములు వెంట వచ్చునని చూపుటకు మన సికిందరాబాదే సాక్షి. రైలు టిక్కెట్టుల రిజర్వేషనుకై కన్సర్ట్ అను ఏర్పాటు 1994లో మొదట అక్కడ నెలకొనెను. 1999 నాటికి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, మద్రాసు, సికిందరాబాదు కేంద్రము లైదును దానితో ఒక్కటిగా కలుపబడెను. దాని క్రిందనున్న ఆపరేటింగు సిస్టము 1977లో డిజిటల్ ఎక్విప్‌మెంటు కంపెనీవారు వ్యాక్స్ యంత్రమునకై వెలువరించిన వీఎంఎస్. ఒకే బెర్తును ఇద్దఱి కీయకుండుట వంటి పనికి అది నమ్మదగినదని పేరొందెను. కాని యంత్రములు నిలువలేదు. వ్యాక్స్ పోయి ఆల్ఫా వచ్చెను. ఆల్ఫా పోయి ఐటేనియం వచ్చెను. ఐటేనియం సరఫరాయు 2021లో నిలిచిపోయెను. సామాన్య ప్రాసెసరులపై నడచు వీఎంఎస్ కూర్పు 2022లో గాని వాడుకకు రాలేదు. ఒక్క కంపెనీ చేయు యంత్రముపై మాత్రమే నడచు వ్యవస్థను ఎన్నుకొనువారు ఈ చరిత్రను మనసునం దుంచుకొనవలయును.

నకళ్లు

ఇంత చేసినను నకలు లేని సర్వరు సురక్షితము కాదు. జంట డిస్కులు నకలు కావు. పొరపాటున ఒక పట్టికను తుడిచినచో రెంటిమీదను ఒకేసారి తుడుపు పడును. 2017 జనవరి 31వ తేదీన గిట్‌ల్యాబ్ అను ప్రసిద్ధ సంస్థలో ఒక ఇంజనీరు అలసియున్న వేళ, ఒక సర్వరున చేయవలసిన తుడుపును వేఱొకదానిపై చేసెను. సుమారు 300 గిగాబైట్ల పోస్ట్‌గ్రెస్ సమాచారము క్షణములలో పోయెను. నకళ్లకై వారికి ఐదు మార్గము లుండెను. అవసరము వచ్చినప్పుడు ఒక్కటియు సరిగా పనికిరాలేదు. నకలు తీయు సాధనపు కూర్పును, డేటాబేసు కూర్పును పొసగక ఆ పని విఫలమగుచుండెను. ఆ సంగతి తెలుపు ఉత్తరములును ఎవరికి చేరుటలేదు. కడకు ఆఱుగంటల క్రితము వేఱు పనికై తీసిన ప్రతియొకటి దొరకి రక్షించెను. ఆ యాఱుగంటల వ్రాతలు మాత్రము పోయెను. వారు జరిగిన దంతయు దాచక ప్రకటించుటచే లోకమునకు మేలు కలిగెను.

దీనినుండి నేర్చుకొనదగినది స్పష్టము. నకలు వేఱొక యంత్రముపై, వీలైన వేఱొక యూరిలో నుండవలయును. నెలకొకమాఱైనను ఆ నకలును ఖాళీ యంత్రముపై పోసి, డేటాబేసు లేచి నిలుచుచున్నదా, పంక్తుల లెక్క సరిపోవుచున్నదా యని చూడవలయును. తిరిగి పోసి చూడని నకలు నకలు కాదు.

కావున చేతిలో కొలది ధనమే యున్నవారు దానిని వినియోగింపవలసిన వరుస ఇది. మొదట నకలు నిలువజేయు రెండవ చోటు. పిదప కరెంటు పోయినను వ్రాత నిలుపు డిస్కులు జంటగా. పిదప ఈసీసీ మెమొరీ. పిదప సందేశపు తీగ గల యూపీఎస్. కడపట, మిగిలినదానితో ప్రాసెసరు. ఆపరేటింగు సిస్టమునకు ధనముకంటె నేర్పు ముఖ్యము. దీర్ఘకాలము సవరణలు వచ్చు లినక్సు నొకదానిని చక్కగా నేర్చుకొన్నవారికి అది చాలును.

విద్యార్థులారా, మీలో కొందఱు మున్ముందు ఇట్టి యంత్రములకు కాపరు లగుదురు. ఆనాడు మీ సర్వరులోని ప్రతి పంక్తియు ఎవరో యొకరి పుట్టినతేది, ఎవరో యొకరి పింఛను, ఎవరో యొకరి రక్తపు వర్గము అయి యుండును. ఇప్పుడే యింట నొక పాత కంప్యూటరుపై లినక్సును, పోస్ట్‌గ్రెస్‌ను నిలిపి, ఒక పట్టికను వ్రాసి, దాని నకలు తీయుడు. తరువాత ఆ పట్టికను మీరే తుడిచివేసి, నకలునుండి తిరిగి తెచ్చి చూడుడు. అది చేతనైననాడు మీకు ఒక రిజిస్టరును అప్పగింపవచ్చును.